ప్లాన్ పెంచితే వైఫై బాగుపడదు

మొన్న బాపట్లలో మా బంధువుల ఇంటికి నెట్ చూడడానికి వచ్చిన కుర్రాడు ల్యాప్‌టాప్‌ను ముట్టుకోకుండానే తీర్పు చెప్పేశాడు: "ఈ ప్లాన్‌కి ఇంతేనండీ, పెద్దదానికి మారిపోండి." ఇంట్లో అందరూ తలూపారు. నా కోపమంతా ఆ తలూపడం మీదే. తెనాలిలో అడిగినా, రేపల్లెలో అడిగినా ఇదే మంత్రం. మీటింగు మధ్యలో బొమ్మ బిగుసుకుపోతే ప్లాన్ పెంచు. అప్లికేషన్ సబ్మిట్ కాకపోతే ప్లాన్ పెంచు. ఇది పచ్చి వసూలు.

ఒక వీడియో కాల్‌కి కావలసింది రెండు మూడు ఎంబీపీఎస్. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయల ప్లాన్‌లోనే 15 ఎంబీపీఎస్ ఇస్తామన్నారు. ఆ లెక్కన అట్టడుగు ప్లాన్ మీదే నాలుగైదు కాల్స్ నడవాలి. మరి వంద ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో ఒక్క కాల్ ఎందుకు తెగుతోంది? కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్‌లో వచ్చే నెట్ వేరు, రూటర్ పెట్టె నుంచి ల్యాప్‌టాప్ దాకా గాలిలో వచ్చే వైఫై వేరు. చాలా ఇళ్లలో తెగుతున్నది రెండోది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కొమ్మమూరు కాలువకు ఎన్ని నీళ్లు వదిలినా, బోదెలో గుర్రపుడెక్క పేరుకుంటే చివరి మడి తడవదని ఇక్కడి రైతుకు ఒకరు చెప్పాలా? ఆ రైతు కొడుకు మాత్రం నెట్ దగ్గరకొచ్చేసరికి గేట్లు ఎత్తించడానికే డబ్బు కడుతున్నాడు.

అసలు పెట్టె ఎక్కడ బిగిస్తున్నారో చూడండి. పాత కేబుల్ టీవీ వైరు ఏ కిటికీలోంచి వచ్చిందో ఆ కిటికీ పక్కనే, టీవీ వెనక గూట్లో. నాలుగు గజాల వైరు మిగలాలి, గోడకు రెండు మేకులు కొట్టే శ్రమ తప్పాలి, అంతే! చదువుకునే పిల్ల రెండు గదుల అవతల, మూరెడు మందం సున్నపు గోడ వెనక, ఇనప బీరువా పక్కన కూర్చుంటుంది. వైఫైకి ఉన్న బ్యాండుల్లో 5 గిగాహెర్ట్జ్ వేగంగా పనిచేస్తుంది గానీ అలాంటి గోడ దగ్గర చతికిలబడుతుంది. 2.4 గోడ దాటుతుంది గానీ వీధిలోని రూటర్లన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. ఆ బ్యాండులో ఒకదాన్నొకటి తొక్కుకోకుండా నడిచే చానళ్లు 1, 6, 11, మూడే మూడు. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ 2.45 దగ్గరే. ఇంత రద్దీని వదిలేసి బిల్లు పెంచమంటారా? పెట్టెను అక్కడ బిగించిన మనుషులే పెద్ద ప్లాన్ అమ్మడానికి వస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

"స్పీడ్ టెస్టులో వంద చూపించింది కదా" అంటారు. రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో చేసిన టెస్టు అది. పిల్ల కూర్చునే గదిలో చేసి చూపించమనండి. "ఆపి ఆన్ చేయండి" అనేది మరో జాడ్యం. కాసేపు నడుస్తుంది, కారణం దొరక్కుండా పోతుంది. "ల్యాప్‌టాప్ పాతదైపోయింది" అనే మాటకైతే జవాబే అనవసరం. బ్యాటరీ ఆదా కోసం వైఫై కార్డును నిద్రపుచ్చే టిక్కు విండోస్ డివైజ్ మేనేజర్‌లో ఉంటుంది. దాన్ని తీసేసి, డ్రైవర్ కొత్తది వేసి చూడకుండా కొత్త ల్యాప్‌టాప్‌కు యాభై వేలు ఖర్చు పెట్టించడం అన్యాయం.

బయటి లైను తెగదని కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఏమైందో ఈ జిల్లాకు తెలుసు. కానీ ఫైబర్ తెగితే పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి చెబుతుంది. పచ్చ లైటు వెలుగుతుండగా కాల్ తెగితే ముందు ఇంట్లో వెతకాలి.

వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు. లాన్ వైరు తగిలించి అదే కాల్ చేయండి. నిలిచిందా, దోషం గాలిలో ఉంది. వైరు తీసి రూటర్ అడ్రసుకు పింగ్ ఇవ్వండి. అక్కడి నుంచే జవాబులు తప్పిపోతుంటే, వీధిలో ఎంత వేగం కొన్నా దండగే. పెట్టెను ఇంటి నడిమధ్యకు, ఎత్తుకు మార్చండి. చానల్ మార్చండి. మిగతాది ఇంటిని బట్టి చూసుకోవాలి. ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న బాపట్లలో ఈ పని నేర్చిన పిల్లలు వీధికొకరు దొరకరా?

ఇకమీదట ప్లాన్ పెంచమని ఎవరొచ్చినా, ముందు లాన్ వైరు పెట్టి చూపించమనండి. చూపించేదాకా పైసా ఎక్కువ కట్టకండి.