పేరు వెల – పనితనపు వెల

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాలకు సమీపంలోని యర్రగుంట్ల పరిసరాలు సున్నపురాతి నిక్షేపాలకు పేరుగాంచినవి. అక్కడి చిలంకూరు సిమెంటు కర్మాగారాన్ని 1990లో కోరమాండల్ ఫెర్టిలైజర్స్ నుండి ఇండియా సిమెంట్స్ సంస్థ కొనుగోలు చేసింది. 2024 డిసెంబరులో ఆ ఇండియా సిమెంట్స్ సంస్థే అల్ట్రాటెక్ అధీనంలోకి వెళ్ళింది. యజమానులు మారినా భూగర్భంలోని సున్నపురాయి ఎక్కడికీ కదలలేదు. కొన్నవారికి గని, యంత్రాలు, విపణి ఒక్కసారిగా చేతికి వచ్చాయి. కొత్త కర్మాగారం నిర్మించడానికి పట్టే కాలం కలిసివచ్చింది. పెద్ద సంస్థ చిన్న సంస్థను కొనడంలోని ఆంతర్యం ఇటువంటి చోట సులభంగానే బోధపడుతుంది.

వీడియో గేమ్‌ల రంగంలోనూ ఇటువంటి కొనుగోళ్ళు విరివిగా జరుగుతున్నాయి. అయితే అక్కడ గని లేదు, బట్టీ లేదు. ఉన్నవల్లా కొన్ని కంప్యూటర్లు, ఒక అద్దె భవనం, కొందరు యువతీయువకులు. మరి కోట్లాది డాలర్లు వెచ్చించి కొంటున్నదేమిటి?

రెండవ బొంబాయిగా పేరుపడిన ప్రొద్దుటూరు బంగారు వ్యాపారాన్ని గమనిస్తే జవాబు కొంతవరకు దొరుకుతుంది. అంగడి యజమాని వద్ద పెట్టుబడి, కొనుగోలుదారులు ఉంటారు. స్వర్ణకారుని వద్ద చేతిపని ఉంటుంది. యజమాని బంగారమిచ్చి, మజూరీ చెల్లించి నగ చేయించుకుంటాడు. గేమ్‌ల రంగంలో ప్రచురణ సంస్థ అంగడి యజమాని వంటిది. స్టూడియో స్వర్ణకారుని వంటిది. కథను, పాత్రలను, చిత్రాలను, ప్రోగ్రామును స్టూడియో రూపొందిస్తుంది. పెట్టుబడి, ప్రకటనలు, దేశదేశాల విక్రయం ప్రచురణ సంస్థ వంతు.

మజూరీ ఇచ్చి చేయించుకోగలిగినప్పుడు స్వర్ణకారుని దుకాణాన్నే కొనవలసిన అవసరమేమని సందేహం కలుగవచ్చు. హారం నమూనా ఒక వీధిలో పుట్టి మరునాటికి మరో వీధికి చేరుతుంది. ఆట అలా కాదు. దాని పేరు మీద, పాత్రల మీద, వాటికి తర్వాతి భాగాలు నిర్మించే అధికారం మీద చట్టరీత్యా హక్కుదారుకే పెత్తనం. ఆ హక్కు స్టూడియో చేతిలో ఉన్నంతకాలం ప్రచురణ సంస్థ ప్రతిసారీ బేరమాడవలసిందే. ప్రత్యర్థి ఎక్కువ ఇస్తే ఆట చేజారుతుంది. పైగా పెద్ద ఆట తయారీకి నాలుగైదేళ్ళు పట్టడం సాధారణం. అది గెలుస్తుందో లేదో ముందుగా చెప్పగలవారు లేరు. ఇతరులు సాహసించి గెలిచిన పిమ్మట ఆ గెలుపును కొనుక్కోవడమే క్షేమమని పెద్ద సంస్థలు భావిస్తాయి. అమ్మేవారి ఇబ్బందీ ఈ అనిశ్చితి నుండే పుడుతుంది. ఒక్క ఆట విఫలమైతే మరుసటి నెల జీతాలు ఇవ్వలేని స్టూడియోలు అనేకం.

పులివెందులకు పొరుగున ఉన్న అనంతపురం జిల్లా బుక్కాపురం గ్రామంలో మూలాలు గల సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. అదే ఏడాది ఆ సంస్థ స్వీడన్‌లోని మోజాంగ్ స్టూడియోను 250 కోట్ల డాలర్లకు కొన్నది. మోజాంగ్‌లో పనిచేసేవారు అప్పటికి నలభైమంది వరకే. కాని వారి ఆట మైన్‌క్రాఫ్ట్ 5 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైంది. స్టూడియో స్థాపకులు ముగ్గురూ ఆ అమ్మకంతో సంస్థను వీడారు. అయినా 2023 నాటికి ఆట అమ్మకాలు 30 కోట్ల ప్రతులు దాటాయి. మైక్రోసాఫ్ట్ కొన్నది ప్రధానంగా ఒక పేరును, దానితో అల్లుకున్న పిల్లల అలవాటును.

దీనికి పక్కన బెంగళూరు ఉదాహరణను ఉంచి చూడాలి. 1997లో అక్కడ స్థాపితమైన ధ్రువ ఇంటరాక్టివ్, విదేశీ సంస్థల ఆటలకు చిత్రకళను సమకూర్చి పేరు తెచ్చుకొన్నది. దానిని కొన్న స్వీడన్ సంస్థ స్టార్‌బ్రీజ్ ఆర్థికంగా చిక్కుల్లో పడి, 2019లో తన వాటాను రాక్‌స్టార్ గేమ్స్‌కు అమ్మివేసింది. మూడు వందలకు పైగా కళాకారులున్న ఆ స్టూడియోలో ఆ వాటాకు పలికిన ధర 79 లక్షల డాలర్లు. నలభైమందికి 250 కోట్లు, మూడు వందలమందికి కోటి కూడా లేదు! ఈ వ్యత్యాసానికి ప్రతిభాలోపం కారణం కాదు. ధ్రువ కళాకారులు గీసిన పాత్రలు ఇతరుల ఆస్తి. పులివెందుల, ప్రొద్దుటూరు ఇంజినీరింగు కళాశాలల నుండి ఈ రంగంలోకి వెళ్ళదలచినవారు జీతపు అంకెతో పాటు ఈ లెక్కనూ చూడవలసి ఉంటుంది.

ఈ రెండింటికీ నడుమ మూన్‌ఫ్రాగ్ నిలుస్తుంది. 2017లో బాహుబలి చిత్రం ఆధారంగా మొబైల్ ఆటను తయారుచేసింది బెంగళూరులోని ఈ స్టూడియోయే. 2021లో స్వీడన్ సంస్థ స్టిల్‌ఫ్రంట్ అందులో 91 శాతం వాటాను 9 కోట్ల డాలర్లకు తీసుకొన్నది. బాహుబలి పేరు చిత్ర నిర్మాతలది. మూన్‌ఫ్రాగ్‌కు సొంతమైనవి నిత్యం జనం ఆడుకొనే లూడో, మూడుముక్కలాటలు. వాటికే ఆ వెల.

కొన్నది నిలుస్తుందన్న హామీ మాత్రం లేదు. ముంబయికి చెందిన నజారా సంస్థ 2021లో హైదరాబాదులోని ఓపెన్‌ప్లేను రూ.186 కోట్లకు కొన్నది. దాని ప్రధాన వ్యాపారం రమ్మీ. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్ర చట్టం నిషేధించింది.

అంతకన్న తరచుగా జరిగే నష్టం వేరు. శ్రీనాథుడు శృంగారనైషధాన్ని మామిడి సింగనకు, హరవిలాసాన్ని అవచి తిప్పయ్యకు, కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. కృతిభర్తకు కీర్తి దక్కింది. కవి మాత్రం తదుపరి కావ్యానికి స్వతంత్రుడు. స్టూడియోను అమ్మినవారికి ఆ స్వాతంత్ర్యం ఉండదు. తాము సృష్టించిన పాత్రతో ఇంకొక ఆట చేయాలన్నా కొత్త యజమాని అనుమతి కావాలి. అందువల్ల సమర్థులు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 1995లో కొన్న బుల్‌ఫ్రాగ్‌ను దాని స్థాపకుడు పీటర్ మోలినూ 1997లో వీడాడు. 2001లో స్టూడియో మూతపడింది. అదే సంస్థ 1998లో కొన్న వెస్ట్‌వుడ్ 2003లో ముగిసింది. సున్నపురాయికి కాళ్ళు లేవు, పనితనానికి ఉన్నాయి. ఖాతా పుస్తకాల్లో ఈ రెండింటినీ ఒకే వరుసలో ఆస్తిగా రాయడం పెద్ద సంస్థల పొరపాటు.

జపానులోని టాంగో గేమ్‌వర్క్స్ 2021లో మాతృసంస్థతో పాటు మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చింది. 2023లో వారి హై-ఫై రష్ విమర్శకుల మెప్పు, పురస్కారాలు పొందింది. 2024 మే నెలలో ఆ స్టూడియోను మూసివేస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మూడు నెలలు దాటిన కొద్ది రోజులకే, పబ్జీ ద్వారా భారతీయ యువతకు సుపరిచితమైన దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్ ముందుకు వచ్చి, హై-ఫై రష్ హక్కులతో పాటు దానిని తయారుచేసిన బృందాన్నీ తనలో చేర్చుకొంటున్నట్లు తెలియజేసింది.