పరిమళమునకు ఆడమగ భేద మేల?

లావెండరును కస్తూరిని గలిపిన పరిమళద్రవ్యములు అంగళ్లలో నమ్ముచున్నారు. స్త్రీపురుషు లిరువురును నిత్యము ధరింపవచ్చునని వానిపై వ్రాసియుండును. దీనిని జూచి మనవారిలో గొందఱు ముక్కు విఱుచుచున్నారు. మగవాడు లావెండరు పూసికొన్నచో ఆడంగి యట. ఆడుది కస్తూరి పూసికొన్నచో విలాసిని యట. అనకాపల్లి జిల్లాలోని మా కోటవురట్ల వంటి యూళ్లయందును, అదియు జదువుకొన్న యిండ్లలోనే, ఈ మాటలు వినవచ్చుచున్నవి.

వీరు సంప్రదాయము పేరు చెప్పుచున్నారు గావున ఆ సంప్రదాయమునే యడిగి చూతము. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి యని యొక యధ్యాయమే వ్రాసెను. పదునాఱు ద్రవ్యములలో నాలుగేసి తీసి, పాళ్లు మార్చి కలిపినచో 1,74,720 గంధము లగునని లెక్కగట్టెను. నెరసిన తలకు పూలును గంధములును శోభింపవు గనుక ముందుగా రంగు వేసికొనవలెనని అందే చెప్పెను. ఈ చింత నేటి మగవారికిని లేకపోలేదు! కొండవీటి కుమారగిరిరెడ్డి కర్పూరవసంతరాయ డని బిరుదు వహించెను. అతని సుగంధభాండాగారమును నడపిన అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు హరవిలాసము నంకిత మిచ్చెను. ఆ శ్రీనాథుడే తెలుంగరాయని యొద్దకు బోయి కస్తూరి యాచించెను. వీరిలో నెవ్వరిని ఆడంగి యందురు? తిరుమలలో శుక్రవారాభిషేకానంతరము స్వామికి పునుగు పూయుదురు గదా, అచ్చట నోరు మెదపరేల?

కస్తూరి పుట్టునది మగమృగము తిత్తిలో. ఆ పేరు మనము పెట్టుకొనునది ఆడుబిడ్డలకు. హింస యందురా? 1888లో ఆల్బర్ట్ బావుర్ పేలుడుద్రవ్యములను శోధించుచుండగా కృత్రిమకస్తూరి దొరకెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఆ మృగమును కాపాడుచున్నది. నేటి చౌక సీసాలలోనిది రసాయనశాలలో బుట్టిన కస్తూరియే. పరదేశపు మొక్క యందురా? లావెండరును నేడు జమ్మూప్రాంతపు భదర్వా రైతులు పండించుచున్నారు.

పరిమళమును మగ, ఆడ యని పంచినది శాస్త్రము గాదు, వర్తకము. ఒక యింట రెండు సీసాలు చెల్లుట వర్తకునికి లాభము. 1889లో ప్యారిసున వెలసిన జికీ యను లావెండరు పరిమళమును ఆడువారును మగవారును వాడిరి. తరువాత విడదీసి యమ్మిరి. 1994లో సీకే వన్ అను పేర మరల గలిపి, ఇది క్రొత్త యనిరి. ఈ యుపకారమునకు మనము చేతులు జోడింప బనిలేదు.

నా యసలు పోరు వర్తకునితో గాదు. స్త్రీపురుషు లన్న ఆ మాటలో మన యింటి వితంతువు చేరునా? పెండ్లివాకిట వచ్చినవారి కెల్ల పన్నీరు చిలుకుదురు, గంధము పూయుదురు. తెల్లవాఱక ముందు లేచి ఆ గంధము తీసిన పెద్దమ్మ మాత్రము వంటయింటి తలుపుచాటున నిలిచియుండును. భార్య పోయినవాడు ఏడాది తిరుగకమునుపే అత్తరు పూసికొని పెండ్లిచూపులకు బయలుదేరును. అతనిని విలాసి యనువా డెవ్వడు? కాబట్టి మన యిండ్లలో నిషేధము పరిమళమునకు గాదు, మనిషికి. వితంతువు పెండ్లాడవచ్చునని 1856లో చట్టము వచ్చెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ పెండ్లిని పాఠముగా జదివి మార్కులు తెచ్చుకొన్న మనము, చిటికెడు గంధమున కింకను జంకుచున్నాము.

ఆమెయే వల దనును, మే మేమి చేయుదు మందురు. ఎప్పుడైన నడిగితిరా? నలువది యేండ్లు చేయి చాచినప్పు డెల్ల కసరి, నేడు ఆమె చేయి చాచుట లేదని సాక్ష్యము చెప్పించుట యేమి న్యాయము?

మీ యింట నట్టి సీసా యున్నచో మగవారి బీరువాలోనో కోడలి యద్దము కడనో దాచకుడు. స్నానపుగది అరమీద అందఱికిని అందునట్లుంచుడు. అత్తగారు ముట్టుదురో ముట్టరో వారి యిష్టము.