ముద్ర లేని పాస్‌పోర్టు: పంతులమ్మల వలస గురించి

గల్ఫ్ వలస అనగానే మన స్త్రీల సంఘాలకు వెంటనే గుర్తొచ్చేది ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళు. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళి అక్కడ చిక్కుకుపోయిన వాళ్ళ గురించి ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నాం, సభలు పెడుతున్నాం, ఎంబసీలకు ఉత్తరాలు పంపుతున్నాం. అది చేయవలసిన పనే. అయితే అదే శంషాబాద్ విమానాశ్రయం నుంచి, అవే విమానాల్లో వెళ్ళే మరో రకం స్త్రీలు మన లెక్కలోకి రావడం లేదు. వాళ్ళు టీచర్లు. అందులోనూ ఇంగ్లీషు టీచర్లు. ఎం.ఎ., బి.ఇడి. చేసి పదేళ్ళో పదిహేనేళ్ళో ప్రైవేటు స్కూళ్ళలో పాఠాలు చెప్పి, చివరకు దుబాయ్‌కో దోహాకో మాల్దీవులకో ప్రయాణమైన వాళ్ళు.

వాళ్ళ గురించి ఎందుకు మాట్లాడం అని నా తోటి కార్యకర్తలను అడిగితే, దాదాపు అందరూ ఒకే మాట చెప్పారు: "చదువుకున్నవాళ్ళు కదా, వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకోగలరు." విచిత్రమేమిటంటే మన దేశ వలస చట్టం చెప్పేదీ సరిగ్గా అదే మాట. ఈ మాటనే నేను ఇక్కడ ప్రశ్నించదలచుకున్నాను.

1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాసు కాని వాళ్ళ పాస్‌పోర్టులో ఒక ముద్ర ఉంటుంది: ఇ.సి.ఆర్., అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం అని. గల్ఫ్ దేశాలు, మలేసియా, థాయిలాండ్ వంటి 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్ళాలంటే వాళ్ళు 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అనుమతి తీసుకోవాలి. ఆ ఆఫీసు కాంట్రాక్టు చూస్తుంది, యజమాని ఎవరో చూస్తుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన అని 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకు 375. పదో తరగతి దాటినవాళ్ళకు ఆ ముద్ర ఉండదు, తనిఖీ ఉండదు, ఆ బీమా కూడా ఉండదు. టీచరు పాస్‌పోర్టులో ముద్ర లేదు కాబట్టి ఆమె కాంట్రాక్టును మన ప్రభుత్వం తరఫున చదివేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ ముద్ర కింద జరిగేదంతా మంచిదని నేను అనడం లేదు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి 30 ఏళ్ళు నిండకపోతే ఆ దేశాలకు పనికి వెళ్ళే అనుమతే లేదు. మగవాడికి అలాంటి వయసు నిబంధన లేదు. ఫలితం మనకు తెలిసిందే: పాతికేళ్ళ ఆడపిల్ల విజిట్ వీసా మీద దొడ్డిదారిన వెళ్తుంది, చట్టానికి కనపడకుండా పోతుంది. చదువు లేని స్త్రీని కాపాడుతున్నానని చెప్పి ఆపే చట్టం, చదువుకున్న స్త్రీని స్వతంత్రురాలని చెప్పి గాలికొదిలేస్తుంది. ఆపడానికీ, వదిలేయడానికీ మధ్య ఇంకో దారి ఉండకూడదా?

ఉండొచ్చని నర్సులు నిరూపించారు. వాళ్ళూ చదువుకున్నవాళ్ళే, వాళ్ళ పాస్‌పోర్టులోనూ ముద్ర లేదు. కువైట్ ఉద్యోగాల పేరుతో ఒక్కొక్కరి దగ్గర లక్షలకు లక్షలు గుంజిన వ్యవహారాలు బయటపడ్డాక, 2015లో కేంద్ర ప్రభుత్వం ఆ 18 దేశాలకు వెళ్ళే నర్సులందరికీ ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి చేసింది, నియామకాలను ప్రభుత్వ సంస్థల ద్వారానే జరపమంది. టీచర్ల విషయంలో అలాంటిదేదీ జరగలేదు. 2018 నవంబరులో ముద్ర లేని ఉద్యోగులు కూడా బయల్దేరే ముందు ఇ-మైగ్రేట్‌లో పేరు నమోదు చేసుకోవాలని ఒక ఉత్తర్వు వచ్చింది. దాని మీద ప్రవాసుల నుంచి పెద్ద గగ్గోలు రేగడంతో అదే నెలలో ఆపేశారు. ఇష్టమున్నవాళ్ళు చేసుకోవచ్చన్న స్థితికే వచ్చింది. నేను మాట్లాడిన టీచర్లలో ఆ నమోదు గురించి విన్నవాళ్ళు ఎవరూ లేరు.

వీళ్ళు ఎందుకు వెళ్తున్నారో శంషాబాద్‌లో నిలబడి చూస్తే అర్థమవుతుంది. 2008 మార్చిలో తెరిచిన ఈ విమానాశ్రయం కోసం సుమారు 5,500 ఎకరాలు తీసుకున్నారు. ఆ తర్వాత చుట్టూ పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్ల పక్కన 'ఇంటర్నేషనల్' అని బోర్డు పెట్టిన స్కూళ్ళు లేచాయి. ఆ స్కూళ్ళలో పాఠాలు చెప్పేది ఎక్కువగా ఆడవాళ్ళే. జీతం స్కూలు పేరంత గొప్పగా ఉండదు. ఎండాకాలం సెలవులకు జీతం కోసేవాళ్ళున్నారు, చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకునే యాజమాన్యాలున్నాయి. కరోనా కాలంలో సంగతి ఇంకా బాగా బయటపడింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. డిగ్రీ మీద డిగ్రీ చేసిన స్త్రీ రేషన్ దుకాణం ముందు బియ్యం సంచి కోసం నిలబడింది. ఆ ఏడాదే విదేశీ ఉద్యోగం ఆలోచన మొదలైందని ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇంగ్లీషు వస్తే ప్రపంచమంతా మనదేనని మన ఊళ్ళలో బలమైన నమ్మకం. కన్సల్టెన్సీలు అమ్మేది ఆ నమ్మకాన్నే. 120 గంటల టెఫెల్ కోర్సు చేస్తే చైనాలో, కొరియాలో, థాయిలాండ్‌లో ఉద్యోగం సిద్ధమంటారు. అసలు నిబంధనలు వేరు. చైనాలో విదేశీ భాషా టీచరుగా వర్క్ పర్మిట్ రావాలంటే ఆ భాష మాతృభాషగా ఉన్న దేశపు పౌరులై ఉండాలి. ఇంగ్లీషు విషయంలో ఆ దేశాల్లో మనం లేం. కొరియా కూడా ఇంగ్లీషు బోధనకు ఇచ్చే వీసాను అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల వాళ్ళకే ఉంచుకుంది. 2010 జనవరిలో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం వల్ల మనవాళ్ళకు సహాయ టీచర్లుగా ఒక సన్నని సందు దొరికింది, అదీ టీచరు అర్హత ఉన్నవాళ్ళకు. 1958 నుంచి ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇస్తున్న సంస్థ ఉన్న నగరం మన హైదరాబాదు. అక్కడ నేర్చుకున్న ఇంగ్లీషు తక్కువదేమీ కాదు. పాస్‌పోర్టు రంగును బట్టి, ఒంటి రంగును బట్టి భాషకు విలువ కడుతున్నారు. ఈ వివక్ష గురించి వేరే వ్యాసమే రాయాలి. ఇక్కడ చెప్పాల్సింది ఒక్కటే: ముందు తలుపు మూసి ఉందని చెప్పకుండా ఏజెంటు పక్క సందులోంచి పంపుతాడు. టూరిస్టు వీసానో బిజినెస్ వీసానో చేతిలో పెట్టి, "వెళ్ళాక మార్చుకోవచ్చు మేడమ్" అంటాడు. మార్చుకోలేకపోతే ఆమె అక్కడ నేరస్థురాలు. ఇంటి పనికి వెళ్ళి పట్టుబడిన కడప స్త్రీకీ, ఈ పంతులమ్మకూ మధ్య ఆ రోజున తేడా ఏమీ ఉండదు.

గల్ఫ్‌లో పరిస్థితి కొంత వేరు. అక్కడ మన సి.బి.ఎస్.ఇ. స్కూళ్ళున్నాయి, మన టీచర్లు కావాలి. యు.ఎ.ఇ.లో 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చులు యజమానివే, ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు. ప్రొబేషన్ ఆరు నెలలు దాటకూడదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. కానీ శంషాబాద్ దగ్గర ఒక కాలనీలో నేను కలిసిన టీచరుకు ఇవేవీ చెప్పినవాళ్ళు లేరు. ఒక కన్సల్టెన్సీకి లక్షా ఎనభై వేలు కట్టి విజిట్ వీసా మీద వెళ్ళింది. స్కూలువాళ్ళు "ముందు మూడు నెలలు చూస్తాం, తర్వాత పర్మిట్" అన్నారు. ఆ మూడు నెలలూ పని చేయించుకుని, పర్మిట్ ఇవ్వకుండా పంపేశారు. "ఎవరి మీద కేసు పెట్టాలి మేడమ్? నేను అక్కడ పని చేసినట్టు కాగితమే లేదు" అంది. డబ్బు తీసుకున్నట్టు కన్సల్టెన్సీ రసీదు ఇవ్వలేదు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జి 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. మాత్రమేనని ఆమెకు మొదటిసారి చెప్పింది నేనే. ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు.

రసీదు ఎంత పని చేస్తుందో అమెరికాలో ఫిలిప్పీన్స్ టీచర్లు చూపించారు. లూసియానాలో సుమారు 350 మందిని ఒక ఏజెన్సీ ముందు కొంత, తర్వాత జీతంలో వాటా అంటూ పిండింది. టీచర్ల యూనియన్ వాళ్ళ వెంట నిలబడింది. 2012 డిసెంబరులో జ్యూరీ దాదాపు 45 లక్షల డాలర్లు చెల్లించమంది. మేరీలాండ్‌లో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ స్కూళ్ళు వీసా ఫీజులను టీచర్ల చేతే కట్టించాయని తేలి, 2011లో వెయ్యి మందికి పైగా టీచర్లకు 42 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఆ టీచర్లు కాగితాలు దాచుకున్నారు, కలిసి ఉన్నారు, యూనియన్ వాళ్ళను పరాయివాళ్ళుగా చూడలేదు. మన టీచర్లకు ఇక్కడే యూనియన్ లేదు, ఇక అక్కడెక్కడి నుంచి వస్తుంది? అమెరికా తలుపు ఇప్పుడు ఇంకా బరువెక్కింది. 2025 సెప్టెంబరు ప్రకటనతో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఏ ప్రభుత్వ స్కూలు ఒక టీచరు కోసం అంత కడుతుంది? అయినా "అమెరికా టీచింగ్ జాబ్" అన్న ఆశ చూపేవాళ్ళు ఉంటూనే ఉంటారు. ఎవరైనా చెబితే ఈ అంకె గుర్తు చేయండి.

ఇక డబ్బు సంగతి. "ఆర్థికంగా సిద్ధంగా ఉండాలి" అని పెద్దలు సలహా ఇస్తుంటారు. టికెట్టు, అద్దె అడ్వాన్సు, మొదటి జీతం వచ్చేదాకా రెండు నెలల తిండి, ఇలా ఒక లెక్క చెప్తారు. లెక్క సరైనదే. కానీ ఆ లెక్క స్త్రీకి సొంత డబ్బు ఉందన్న ఊహ మీద నిలబడింది. ఆమె దగ్గర ఉండేది మెడలో బంగారం, చీటీ, పి.ఎఫ్. ఉంటే పి.ఎఫ్. బంగారం కుదువ పెట్టాలంటే అత్తింటి అనుమతి. చీటీ ఎత్తితే మిగిలిన వాయిదాలు ఇక్కడెవరు కట్టాలన్న ప్రశ్న. ఇవేవీ చాలకపోతే నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు, ఆ అప్పు పత్రం మీద ఆమె సంతకం. వెళ్ళాక జీతం ఎక్కడికి వస్తుంది? ఒక టీచరు నాలుగేళ్ళు పంపిన డబ్బంతా భర్త ఖాతాలోకే వెళ్ళింది. ఇల్లు కొన్నారు, ఇల్లు ఆయన పేరు మీద ఉంది. ఆమె తిరిగొచ్చి మళ్ళీ అదే స్కూల్లో, అదే జీతానికి చేరింది. సంసారం చెడలేదు, ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. అందుకే ఇది మన కేసు ఫైళ్ళలోకి రాదు.

ఇలాంటి చోట బ్యాంకు నిబంధన కూడా స్త్రీవాద సమాచారమే అని నేను అనుకుంటాను. ప్రవాసులు తెరిచే ఎన్.ఆర్.ఇ. ఖాతాలో ఇక్కడి దగ్గరి బంధువును జత చేసినా, ఆమె బ్రతికున్నంత కాలం ఆ ఖాతా ఆమెదే. భర్త దాన్ని నడపాలంటే ఆమె రాసిచ్చిన పవర్ ఉండాలి, దాన్ని ఆమె ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. బయల్దేరే ముందే ఇది తెలిస్తే, ఇంట్లో పంచాయితీ పెట్టకుండానే సగం సమస్య తీరుతుంది. అలాగే తిరుగు టికెట్టు డబ్బు. 2020 మే నుంచి వందే భారత్ విమానాలు నడిచినప్పుడు టికెట్టు ప్రయాణికులే కొనుక్కోవాలి, దిగాక క్వారంటైన్ ఖర్చు కూడా చాలామంది తామే భరించారు. అప్పటికే జీతాలు కోతపడ్డ టీచర్లు ఇంటికి రావడానికి ఇంటి నుంచే డబ్బు తెప్పించుకున్నారు. ఆ ఒక్క టికెట్టు డబ్బు ఆమె పేరు మీద, ఎవరూ ముట్టని చోట ఉండాలి. ఎవరి జీతం ఎంతైనా దీని గురించి రాజీ లేదు.

మన సంఘాలు ఏం చేయగలవు? టీచరు బయల్దేరే ముందు ఆమె ఆఫర్ లెటర్‌ను మన లీగల్ సెల్‌లో ఒకరు చదవడం పెద్ద పని కాదు. అందులో వీసా ఏ రకమో రాసి ఉందా, పర్మిట్ ఎవరు తీస్తారు, ఎప్పటికి, జీతంలో మూల వేతనం ఎంత అని చూడాలి. యు.ఎ.ఇ. గ్రాట్యుటీ మూల వేతనం మీదే లెక్క కడతారు, మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల చొప్పున. మూల వేతనం తగ్గించి అలవెన్సులు పెంచిన కాంట్రాక్టు చూడ్డానికి బాగుంటుంది, వచ్చేటప్పుడు చేతికేమీ రాదు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్‌లో చూసి చెప్పొచ్చు. సర్టిఫికెట్లు అటెస్టేషన్‌కని ఏజెంటు చేతికిస్తే రసీదు రాయించుకోమనొచ్చు. తెలంగాణ ప్రభుత్వానికే టాంకామ్ అనే విదేశీ నియామకాల సంస్థ ఉంది; టీచర్ల నియామకాలు కూడా దాని ద్వారా జరపమని మనం ఒక్కసారి కూడా అడగలేదు.

1983 చట్టాన్ని మార్చడానికి 2021లో ఒక ముసాయిదా, 2025లో మరొక ముసాయిదా అభిప్రాయాల కోసం వచ్చాయి. వలస మీద పనిచేసే సంఘాలు ఇంటి పనివాళ్ళ తరఫున వాటిని చదివాయి. టీచర్ల తరఫున కూడా ఎవరో ఒకరు చదవాలి: వయసు నిబంధనతో ఆపకుండా, తనిఖీ పేరుతో మొగుడి సంతకం అడగకుండా, కాంట్రాక్టు చదివి, ఫీజు మీద పరిమితి అమలు చేసి, బీమాను ముద్ర ఉన్నా లేకున్నా ఇవ్వమని. ఈ డిమాండ్‌ను ఇంటి పనివాళ్ళ డిమాండ్లతో కలిపే రాయాలని నా అభిప్రాయం. వేరుగా రాస్తే టీచర్లది మధ్యతరగతి గోల అంటారు, ఇంటి పనివాళ్ళది సంక్షేమం అంటారు, రెండూ పక్కన పడేస్తారు. రాబోయే సమావేశానికి నేను ఒక ముసాయిదా ప్రతి తెస్తాను. టీచర్ల కాంట్రాక్టులు, రసీదులు ఎవరి దగ్గరున్నా పేర్లు కొట్టేసి నకళ్ళు తీసుకురండి.