వరుసతో పనిలేని తనిఖీ

ఆర్ భాషలో రాసే ఫంక్షన్లకు వచ్చే ఆర్గ్యుమెంట్లలో కొన్నింటికి వరుసతో పనిలేదు, సభ్యులు సరిపోతే చాలు. సర్వే డేటాలో ఒక్కో వయోవర్గానికి ఒక్కో వెయిట్ తీసుకునే ఫంక్షన్‌లో, వెయిట్లకు పెట్టిన పేర్లూ డేటాలోని వర్గాల పేర్లూ ఒకే సమితి కావాలి. దీనికి జంట సమాన గుర్తు వాడటం చెడ్డ అలవాటు. అది స్థానాల వారీగా పోలుస్తుంది; పొడవులు తేడాగా ఉంటే చిన్న వెక్టర్‌నే తిప్పి తిప్పి వాడుతుంది, పెద్దదాని పొడవు చిన్నదానికి గుణిజమైతే హెచ్చరికైనా రాదు. ఐడెంటికల్ ఫంక్షన్ వరుస మారితే చాలు, ఒప్పుకోదు. ఇన్ ఆపరేటర్ ఒకవైపే చూస్తుంది: ఇచ్చిన పేర్లలో తప్పుగా ఉన్నవాటిని పట్టుకుంటుంది గానీ, ఇవ్వకుండా వదిలేసినవాటిని పట్టదు. రెండువైపులా చూసేది సెట్‌ఈక్వల్. దాని జవాబు ఒకే ట్రూ లేదా ఒకే ఫాల్స్ కనుక ఇఫ్ షరతులో నేరుగా ఇముడుతుంది. 2022లో వచ్చిన 4.2.0 వెర్షన్ నుంచి ఒకటికి మించి విలువలున్న షరతును ఇఫ్ దోషంగానే చూస్తోంది మరి. అయితే సెట్‌ఈక్వల్ కూడా అమాయకురాలే. ఒక పేరు రెండుసార్లు వచ్చినా పట్టించుకోదు, కాబట్టి ఎనీడూప్లికేటెడ్‌ను పక్కన నిలబెట్టాలి. 1, 2, 3 అనే అంకెలనూ అవే అక్షరరూపంలో ఉన్న విలువలనూ సమానమనే అంటుంది. రకాన్ని విడిగా పరీక్షించాలి. తనిఖీ విఫలమైతే ‘ఆర్గ్యుమెంట్ తప్పు’ అని ఊరుకోవడం వాడేవారికి అన్యాయం. సెట్‌డిఫ్‌ను రెండు దిక్కులా నడిపి, ఏ పేర్లు తగ్గాయో ఏవి ఎక్కువయ్యాయో దోష సందేశంలోనే చెప్పాలి. తనిఖీ నెగ్గాక వెయిట్లను స్థానంతో కాక పేరుతోనే తీసుకోవాలి. లేకపోతే ముసలివారి వెయిట్ కుర్రవారికి పడి, ఏ దోషమూ చూపకుండానే సగటు తప్పుగా వస్తుంది.