ఏం వండి పెడుతున్నావమ్మా?

పోయిన నెల మా ఆయన రక్తపరీక్ష రిపోర్టు చూసిన డాక్టరు గారు తలెత్తి చూసింది ఆయన వైపు కాదు, నా వైపు. కొలెస్ట్రాల్ 248. "ఏం వండి పెడుతున్నావమ్మా?" అన్నారు. సాయంత్రాలు బేకరీలో తినే పఫ్‌లూ బండి మీది మిరపకాయ బజ్జీలూ నేను వండినవా? "బయట ఏం తింటున్నావయ్యా?" అని ఆయన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి చుట్టాల గ్రూపులో ఉపదేశాలు. జపాన్ వాళ్ళలా తినాలట. మా ఆడపడుచు బెంగళూరు నుంచి గ్రీన్ టీ డబ్బా కూడా పంపింది. మా పుట్టపర్తికి జపాన్ భక్తులు వస్తూ పోతూ ఉంటారు. వాళ్ళను చూపించి, "చూడు, ఎంత చురుగ్గా ఉన్నారో" అని మా ఆయన. సరే, చూద్దాం.

1960లలో పరిశోధకులు జపాన్ మగవాళ్ళను మూడు చోట్ల పోల్చి చూశారు. జపాన్‌లోనే ఉన్నవాళ్ళు, హవాయికి వెళ్ళినవాళ్ళు, కాలిఫోర్నియాలో స్థిరపడినవాళ్ళు. సగటు కొలెస్ట్రాల్ జపాన్‌లో 180 దగ్గర, హవాయిలో 218 దగ్గర, కాలిఫోర్నియాలో 228 దగ్గర. గుండెజబ్బులు కూడా అదే వరుసలో పెరిగాయి. జాతి ఒకటే, రక్తం ఒకటే. అన్నం, చేపలు, సోయా, కూరగాయలు ఉన్న పళ్ళెంలోకి మాంసం, వెన్న ఎక్కువగా వచ్చి చేరాయి. అంటే కిటుకు గ్రీన్ టీ డబ్బాలో లేదు. వాళ్ళు ఇంట్లో వదిలేసి వెళ్ళిన తిండిలో ఉంది.

మరి మనం వదిలేసిందేమిటి? మా అవ్వ వండిన రాగి సంగటి, ఉలవచారు, కొర్రన్నం, అలసందల కూర, ఆకుకూర పప్పు. పప్పుదినుసుల్లోని పీచు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. జపాన్ వాళ్ళకు సోయా ఎలాగో మనకు ఉలవలు అలాగ. కానీ సంగటి పేదతిండి అయిపోయింది. చుట్టాలొస్తే సంగటి పెట్టడానికి నామోషీ. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, అవే కొర్రలు అందమైన ప్యాకెట్లలో మనకే తిరిగొచ్చాయి, రెట్టింపు ధరతో!

ఇంకో సిగ్గుచేటు. ఇది శెనక్కాయల సీమ. ఆ నూనెలో సంతృప్త కొవ్వు అయిదో వంతుకు మించదు. పామాయిల్‌లో దాదాపు సగం అదే. పండించేది శెనక్కాయలు, బేకరీలో తినేది మాత్రం ఎక్కువగా పామాయిల్, డాల్డా.

పాత తిండి అంతా అమృతమని నేననను. జపాన్ వాళ్ళ సంప్రదాయ తిండిలో ఉప్పు విపరీతం. అందుకే అక్కడ గుండెపోట్లు తక్కువైనా పక్షవాతాలు ఎక్కువగా ఉండేవి. ఉప్పు తగ్గించుకోవడం, బీపీకి మందులు వాడడం మొదలయ్యాకే అవి తగ్గాయి. మన ఊరగాయలు, వడియాలు, అప్పడాలదీ అదే కథ. ఇంకోటి, మా అవ్వ సంగటి తిని పొద్దుగూకేదాకా చేలో కలుపు తీసింది. అదే ముద్ద తిని టీవీ ముందు కూర్చుంటే ఫలితం అదే రాదు. డాక్టరిచ్చిన మాత్ర మానేయమనీ నేను చెప్పడం లేదు.

నేను చెప్పేది ఒకటే. మా ఊళ్ళోనే 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసే పెద్ద ఆసుపత్రి ఉంది. అది మా అదృష్టం. కానీ ఆపరేషన్ దాకా రాకుండా చూసే పని మొత్తం వంటగదిలో నిలబడ్డ ఆడదాని నెత్తిన పడేస్తే ఎలా? సంగటి చేస్తే "మళ్ళీ ఇదేనా" అని పళ్ళెం పక్కకు నెట్టేది వాళ్ళు. రిపోర్టు వచ్చిన రోజు దోషులం మనం. పైగా అందరూ తిన్నాక మిగిలింది తినే మన గుండె సంగతి ఎవరికీ పట్టదు. నెలసరి ఆగాక మనకూ కొలెస్ట్రాల్ పెరుగుతుంది, ముప్పు పెరుగుతుంది. ఆయాసమొచ్చినా, దవడ లాగినా "గ్యాస్ లే" అని మనమే సర్దిచెప్పుకుంటాం.

అందుకే మా ఇంట్లో కొత్త చట్టం పెట్టాను. వారానికి నాలుగు రోజులు సంగటో కొర్రన్నమో, పక్కన ఉలవలో ఆకుకూరో. ఊరగాయ జాడీ అటక మీదికి. బేకరీకి వెళ్తే ఏం తిన్నారో ఇంట్లో చెప్పాలి. ఈసారి పరీక్ష ఇద్దరికీ. డాక్టరు గారు మళ్ళీ ఆ ప్రశ్న అడిగితే జవాబు చెప్పాల్సింది ఆయనే.

ఆ గ్రీన్ టీ డబ్బా అంటారా? ఖాళీ చేసి ఉలవలు పోసుకున్నాను.