ఎవరి ప్రశ్న? ఎవరి గడియారం?

బ్రిటన్‌లో 1998లో పుట్టిన ఒక టీవీ ఆటని 2000 జూలైలో స్టార్ ప్లస్ వాళ్ళు మన దేశానికి తెచ్చారు. 'కౌన్ బనేగా కరోడ్‌పతి' అని పేరు పెట్టి, ప్రశ్నలడిగే పని అమితాబ్ బచ్చన్‌కి అప్పగించారు. తెలుగులో 2014లో నాగార్జున, ఆ తర్వాత చిరంజీవి, 2021లో జూనియర్ ఎన్టీఆర్ అదే ఆట ఆడించారు. మన వాడల్లో కూడా జనం అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని చూశారు. చూడొద్దని మేం చెప్పం. కానీ చూసేటప్పుడు కళ్ళు తెరిచి చూడాలి.

ఆ ఆటకి వాకిట్లోనే ఒక కాపలావాడున్నాడు. వాడే గడియారం. పదిమందిని బల్లల ముందు కూర్చోబెట్టి నాలుగు సంగతులు వరసలో పెట్టమన్నారు. సరిగ్గా పెట్టినవాళ్ళలో ఎవరి వేలు ముందు కదిలితే వాళ్ళదే కుర్చీ. జవాబు తెలిసీ అర సెకను వెనకబడితే, తెలియనివాడితో సమానం. (వేళ్ళ పోటీ అనగానే నాకు ఏకలవ్యుడు గుర్తొస్తాడు. అర్జునుణ్ణి మించినవాడికి వేలే లేకుండా చేశారు గదా!)

2001లో ఇంకొకటి వచ్చింది, 'కమ్‌జోర్ కడీ కౌన్'. ప్రతి రౌండు చివర బలహీనుడెవడో తోటి ఆటగాళ్ళే తేల్చి బయటికి పంపాలి. వెలివేతని వినోదం చేశారన్నమాట! 1991లో చుండూరులో చంపడానికి ముందు మనవాళ్ళని వెలివేశారని మరిచిపోయినవాళ్ళకి అది వినోదమే.

మెరిట్, మెరిట్ అని అరిచేవాళ్ళ అసలు సరుకు ఈ వేగమే. బడిలో రోజూ చూస్తున్నాను. మన పిల్లకి ఇంటి భాష వేరు, పుస్తకం భాష వేరు. అడిగిన ప్రశ్నని ముందు తన మాటల్లోకి మార్చుకోవాలి. దొరికిన జవాబుని మళ్ళీ పుస్తకం మాటల్లోకి మార్చాలి. ఆ రెండు మార్పిళ్ళకి పట్టే టైముకి సార్లు పెట్టిన పేరు 'మొద్దు'. ఆ పిల్లే రేపు ఇంజనీరింగు ఎంట్రన్సులో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు తేల్చాలి. టీవీ ఆటలో ఇరుక్కుంటే స్నేహితుడికి ఫోన్ చేసే సదుపాయం ఉండేది. వాడలో మొట్టమొదట డిగ్రీ చదివినవాడు ఎవరికి ఫోన్ చేస్తాడు? ప్రొఫెసరు మేనమామ ఉన్నవాడికీ వీడికీ ఒకటే గడియారం!

ఇదంతా ఒకెత్తు. 2020 అక్టోబర్ 30న జరిగింది ఒకెత్తు. ఆ రోజు కుర్చీలో కూర్చున్నది కోలార్ బంగారు గనుల పాకీ కార్మికుల బిడ్డ, సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్. 6 లక్షల 40 వేల ప్రశ్న: 1927 డిసెంబర్ 25న అంబేడ్కర్, ఆయన అనుచరులు ఏ గ్రంథాన్ని తగలబెట్టారు? జవాబు మనుస్మృతి. అంతే, పోలీసులకి ఫిర్యాదులు! మహారాష్ట్రలో ఒక బీజేపీ ఎమ్మెల్యే కూడా ఫిర్యాదు చేశాడు. నాలుగు ఆప్షన్లూ హిందూ గ్రంథాలే పెట్టారట, మనోభావాలు దెబ్బతిన్నాయట! పుస్తకం కాల్చిన సంగతి చరిత్ర. ఆ చరిత్రని అడగడం నేరమైంది.

ఎందుకు కాల్చారన్నది మాత్రం ఏ ఆప్షన్లోనూ పట్టదు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగినందుకు మనవాళ్ళని కొట్టారు. చెరువు మైలపడిందని పేడ, పంచితం పోసి శుద్ధి చేశారు. డిసెంబర్ సభకి స్థలమిచ్చినవాడు ఫత్తేఖాన్ అనే ముస్లిం. మనుస్మృతి దహనం తీర్మానం పెట్టినవాడు సహస్రబుద్ధే, పుట్టుకతో బ్రాహ్మణుడు. ఇవి చెప్పడానికి ముప్పై సెకన్లు చాలవు.

విల్సన్ సంస్థ వేసిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు మురుగు కాలవలో చనిపోయినవాడి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో ఇంకో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. కోటీశ్వరుడయ్యే ఆటలో మనిషి ప్రాణం ఖరీదు ఏ మెట్టు మీదుందో లెక్కేసుకోండి.

ఈ డిసెంబర్ 25న ప్రతి వాడలో పిల్లల్ని కూర్చోబెట్టండి. గడియారం తీసి లోపల పెట్టండి. ఈసారి ప్రశ్నలు పిల్లలే అడగాలి. మన ఊరి చెరువు దగ్గరికి మనల్ని ఎప్పటిదాకా రానివ్వలేదు? మొదట ఎవరు దిగారు? ఏం జరిగింది? పెద్దవాళ్ళు ఎంతసేపు పట్టినా చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి, వచ్చే సంచికల్లో వేస్తాం.