పల్నాడు చప్పుళ్లకు ఒక గది

అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లో ఒక స్టూడియో వెలిసింది. అమెరికా నుంచి వచ్చిన డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్ అమర్చి ఇస్తే, గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషీపురా వంటివారు దానిమీద కొత్త ధ్వనులు పుట్టించారు. నాలుగేళ్లకల్లా ఆ పని ఆగిపోయింది. దశాబ్దాలపాటు పడి ఉన్న టేపులను పాల్ పర్గాస్ వెలికితీస్తే, 2023లో సంకలనంగా వచ్చాయి. ఈ వారం అవి వింటుంటే ఆనందం కన్నా కోపమే ఎక్కువైంది. మన దగ్గర స్టూడియో అంటే సినిమా పాట, కాదంటే పెళ్లి వీడియో. గంటల లెక్కన అద్దె కట్టేచోట ఎవరూ తప్పులు చేసే సాహసం చేయరు. ప్రయోగంలో సగం తప్పులే. అందుకే అలాంటి ప్రయోగాలకు ఒక గది ప్రభుత్వ సొమ్ముతో నడవాలి, అదీ పల్నాడులోని నరసరావుపేటలో ఉండాలి.

ఎందుకంటే ముడిసరుకు ఇక్కడుంది. అలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను జీన్ రోగేర్ రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లిషులో పుస్తకం చేశాడు. గొప్ప పనే, కానీ పుస్తకంలో గాలెయ్య గొంతు వినపడదు, పంబ వాద్యం మోగదు. పారిస్ రేడియోలో పియరె షాఫర్ 1948లో రైలు చప్పుళ్లను ముక్కలు చేసి సంగీతంగా అల్లాడు. మాచర్ల రైలు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, కారంపూడి ఉత్సవాల్లో వీరవిద్యావంతుల గానం, వీటితో అలాంటి పని చేయగల పిల్లలు మనకు లేరా? ఫోను చాలదా అంటారు. ఫోను మాట కోసం తయారైంది, పంబ మోతను రొద అనుకుని చాలాసార్లు అణిచేస్తుంది. ముందు నీళ్లివ్వమంటారు. వరికపూడిశెల ఎత్తిపోతల నీళ్లు రావాల్సిందే, అయితే ఈ గది కట్టనంత మాత్రాన అవి వచ్చేయవు.

అసలు ఆ చప్పుళ్లు వినడానికి మన చెవులను మిగలనిస్తే కదా! 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. కోటప్పకొండ తిరునాళ్ల దారిలో డప్పు మోగాల్సిన ప్రభల ముందు డీజే పెట్టెలు గుండెలదరగొడుతున్నాయి. అనుమతి కాగితం ఇచ్చి ఊరుకోవడం కాదు, డెసిబెల్ మీటరు పట్టుకుని పోలీసులు ఆ ప్రభల వెంట నడవాలి.